పాత బైకు స్పార్క్ ప్లగ్ వైరు మార్చి బిగించడంపై సలహా కావాలి

నమస్కారం. నేను చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. నా దగ్గరున్న 1994 నాటి 100 సీసీ టూ స్ట్రోక్ బండి కొంతకాలంగా వాన పడితే చాలు, దారి మధ్యలో ఆగిపోతోంది. మొన్న రాత్రి లైటు ఆర్పి కిక్ కొట్టి చూస్తే, ట్యాంకు కింద వైరు ఒరుసుకుంటున్న చోట సన్నటి నీలి నిప్పురవ్వ టిక్కు టిక్కుమంటూ ఫ్రేము మీదికి దూకుతోంది. అక్కడి రబ్బరును గోటితో గీరితే పొడిగా రాలుతోంది. మెకానిక్ గారు ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టారు గాని, వేల వోల్టులకు టేపు ఏపాటి? మూడు రోజులకే మళ్లీ మొదలైంది.

ఇబ్బంది ఏమిటంటే, ఈ వైరు కాయిల్‌లోనే (ప్లగ్‌కు ఆ వేల వోల్టులు అందించే భాగం) అతికి ఉంది, విడిగా ఊడిరాదు. కాయిల్ దగ్గర రెండంగుళాల మంచి వైరు మిగిల్చి కోసి, అక్కడి నుంచి 7 మిల్లీమీటర్ల కొత్త వైరును జాయింటుతో కలిపితే వానకు నిలుస్తుందా, లేక కాయిలే మార్చడం మేలా? ప్లగ్‌పై తొడిగే క్యాపు లోపలి మర వైరులోకి దిగి తీగను పట్టుకోవాలి కనుక, కార్బన్ వైరు కాకుండా రాగి తీగ వైరు, దానికి 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ క్యాపు వాడదామనుకుంటున్నాను. అలాగే, సిలిండర్ వేడి తగలకుండా, ఇంజన్ అదురుకు మళ్లీ ఒరుసుకోకుండా వైరును ఫ్రేముకు కట్టడానికి ప్లాస్టిక్ టై సరిపోతుందా, రబ్బరు తొడుగున్న క్లిప్పు కావాలా? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి తెలియజేయగలరు.