పంటు మీదికి బైక్ దూకిన వీడియో నిజమేనా?

గోదావరిలో నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య జనాన్ని, బండ్లను దాటించే పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) మీదికి, రేవు వదిలాక ఒకడు బైక్‌తో దూకిన వీడియో చూశారా? మా బావ నిజమేనని కిలో తాపేశ్వరం కాజా పందెం కాశాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. కారు ఎక్కితేనే ఒరిగే పంటు, బైక్ పడ్డా ఇసుమంత ఊగలేదు. జనం నీడలు బల్లల మీద పడ్డాయి, బైక్‌కి నీడే లేదు. కానీ పక్కనున్న మేక మాత్రం ఉలిక్కిపడి లేచింది. మేకకి నటన ఎవడు నేర్పుతాడండీ!

స్క్రీన్‌షాట్ గూగుల్ లెన్స్‌లో పెడితే ఏవేవో పడవలు వచ్చాయి. వాట్సాప్‌లో చేతులు మారి బొమ్మ మసకబారింది. మొదటి వీడియో ఎలా వెతకాలి? ఇంకేం గమనించాలి? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. మా మేనల్లుడు అప్పుడే ఏటిగట్టు మీద బైక్ ఎగరేస్తున్నాడు, నా టెన్షన్ అదే.