సమస్యాపూరణం: “దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య కందపాదం.

దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్

ప్రాసాక్షరం ‘ప’, దాని ముందు గురువు. పూరణ మాత్రం యుద్ధకాలంలో ద్వీపపు దీపస్తంభం గురించే ఉండాలి. ఈ నియమం ఎందుకు పెట్టానో చెప్పాలి. స్కాట్లండు దీపస్తంభాలను చూసే నార్తర్న్ లైట్‌హౌస్ బోర్డుకు లాటిన్‌లో ఒక ధ్యేయవాక్యం ఉంది: ‘అందరి క్షేమం కోసం’ అని దాని అర్థం. ఆ అందరిలో శత్రువు కూడా ఉంటాడు. వెలుతురు ఏ జెండా ఓడకు పడుతున్నదో దీపం అడగదు. యుద్ధం వచ్చాక ఆ మాట చెల్లలేదు. దీపాలు ఆర్పమని ఆజ్ఞ వచ్చింది. స్వపక్షపు ఓడల బారు వస్తోందని కబురు అందినప్పుడే, అదీ కొద్దిసేపే, వెలిగించాలి.

ఆర్పేశాక కావలివాడికి పని తగ్గిందనుకోకండి. వెలగని దీపానికీ రోజూ కటకాలు తుడవాలి, యంత్రం సిద్ధంగా ఉంచాలి, పగలు కటకం చుట్టూ తెరలు దించాలి. లేకపోతే ఆ గాజు సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చి నిప్పు పుట్టిస్తుంది. ఏ రాత్రి కబురు వచ్చినా దీపం వెలగాలి. చీకటికి కాపలా కాయడమే ఉద్యోగమైన మనుషుల గురించి మీ పద్యాలు చదవాలని ఉంది.

గోదారిగట్టు:
నా ప్రయత్నం.

కోపముతో శత్రువు రా
చూపక తన వెలుఁగు నొక్క చోటన్ నిలిచెన్
ఆపై తనవా రడుగఁగ
దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్

పాతపలక:
గోదారిగట్టు గారూ, విరోధాన్ని కాలంతో విడగొట్టారు. ఆర్పినవాడూ చూపినవాడూ ఒక్కడే, పూటలు వేరు. చక్కని దారి. చూ–చో యతి సరిపోయింది. ఒక్క చిక్కుంది. రెండో పాదం చివర ‘నిలిచెన్’, వెంటనే ‘ఆపై’ అని అచ్చు. సంధి జరిగితే ‘నిలిచె నాపై’ అవుతుంది, పాదాంతపు గురువు పోతుంది. ‘మాపై తనవా రడుగఁగ’ అంటే ఆ దోషం పోవడమే కాక, మాపటి వేళ కూడా పద్యంలోకి వస్తుంది.

ఇంకొకటి వ్యాకరణం కాదు, మనసుకు సంబంధించినది. ‘కోపముతో’ అన్న మాట నాకు రుచించలేదు. జలాంతర్గామిలో కూర్చున్నవాడు కోపంతో రాడు, ఆజ్ఞతో వస్తాడు, ఈ కావలివాడు ఆజ్ఞతో దీపం ఆర్పినట్టే. నీటి అడుగున తిరిగేవాళ్ళని సూచిస్తూ ‘లోపలఁ దిరిగెడి పగఱకుఁ / జూపక’ అంటే ఎలా ఉంటుంది? యతి చెడదు.

గోదారిగట్టు:
రెండు సవరణలూ తీసుకుంటున్నాను. ‘మాపై’ నాకు తట్టనే లేదు. ధన్యవాదాలు.

రేవుపట్నం:
నేను మరోవైపు నుంచి వచ్చాను.

రేపకడ నినుఁడు వొడమఁగ
గోపురమున నుండి దిగుచుఁ గొడుకున కెలమిన్
దాపగు తూరుపుఁ గనుమని
దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్

పాతపలక:
ఎంత హాయిగా ఉందో! తెల్లవారి దీపం ఆర్పి మెట్లు దిగివచ్చిన తండ్రి కొడుక్కి తూర్పు చూపించాడు. సమస్య ఇంత తేలిగ్గా విడిపోవడం చూసి నవ్వొచ్చింది. ‘ఇనుఁడు వొడమఁగ’ దగ్గర ‘పొడమఁగ’లోని ‘ప’ను ‘వ’గా మార్చే గసడదవాదేశం కూడా శ్రద్ధగా చేశారు.

నిర్వాహకుడు:
పద్యం నాకూ నచ్చింది, కానీ ఇందులో యుద్ధం లేదు. యుద్ధకాలంలో తెల్లవారకముందే ఆరివున్న దీపం అది. ఇంకో ప్రశ్న: కొడుకు ఎక్కడ ఉన్నాడు? బెల్ రాక్ లాంటి చోట కుటుంబానికి తావు లేదు. స్కాట్లండు తూర్పు తీరంలోని ఆర్బ్రోత్ రేవుకు పదకొండు మైళ్ళ దూరంలో, పోటు వచ్చినప్పుడు పూర్తిగా మునిగిపోయే బండ మీద రాబర్ట్ స్టీవెన్సన్ 35 మీటర్ల ఎత్తున కట్టిన స్తంభం అది. 1811 ఫిబ్రవరి 1న మొదటిసారి వెలిగింది. కావలివాళ్ళ కుటుంబాలు ఆర్బ్రోత్‌లో సంకేతాల బురుజు దగ్గర ఉండేవి. మగపిల్లవాడు పుడితే ఆ బురుజు మీద లాగు, ఆడపిల్ల పుడితే లంగా ఎగరేసేవారట, బండ మీది తండ్రి దుర్భిణిలో చూసి తెలుసుకోవడానికి. తూరుపు చూపించడానికి అక్కడ కొడుకు చెయ్యి అందదు.

రేవుపట్నం:
ఒప్పుకుంటున్నాను. నేను ఫెయిర్ ఐల్‌ను మనసులో పెట్టుకున్నాను. ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల మధ్య ఒంటరిగా ఉన్న చిన్న దీవి. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, 1892లో కట్టిన రెండు దీపస్తంభాలు. కావలివాళ్ళ భార్యాబిడ్డలు అక్కడే కాపురం ఉండేవారు. అందుకే కొడుకు వచ్చాడు. యుద్ధం రాలేదన్నది మాత్రం నిజమే.

చుక్కాని:
బెల్ రాక్ పేరు వచ్చింది కనుక నా పూరణ ఇక్కడే పెడతాను. నేను సమస్యను ఒప్పుకోలేదు.

ఆపద నావకు వచ్చెను
గాపరి చెవిఁ జేర దాయెఁ గడలి పిలుపదే
యే పగిది ననెదరో యిటు
దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్

1915 అక్టోబరు 28న ఆర్గైల్ అనే బ్రిటిష్ యుద్ధనౌక డెవన్‌పోర్టు నుంచి రోసైత్‌కు వెళుతూ తుఫానులో ఈ బండనే ఎక్కింది. దీపం వెలిగించమని ఓడవాళ్ళు ముందే కోరారు. స్తంభంలో వైర్‌లెస్ లేదు. కబురు పడవ మీద పంపాల్సి వచ్చింది, ఆ సముద్రంలో పడవ దగ్గరికి చేరలేకపోయింది. దీపం ఆరివున్నది ఆరివున్నట్టే ఉంది. తమ నౌకాదళం ఆర్పించిన దీపం తమ ఓడనే పగలగొట్టింది. హార్నెట్, జాకాల్ అనే రెండు డిస్ట్రాయర్లు వచ్చి ఓడలోని వారందరినీ కాపాడాయి. ఒక్క ప్రాణమూ పోలేదు, ఓడ మాత్రం దక్కలేదు.

పాతపలక:
సమస్యను ప్రశ్నగా తిప్పి ‘అలా ఎలా అంటారు?’ అనడం పాత దారే. చాలాసార్లు అది తప్పించుకునే దారి అవుతుంది. ఇక్కడ కాదు. మీ ప్రశ్న వెనుక ఒక నిజమైన ఓడ ఉంది. ‘చేర దాయెఁ గడలి పిలుపదే’ దగ్గర నేను ఆగిపోయాను. పిలిచినవాడు శత్రువు కాడు, వినాల్సినవాడు బధిరుడు కాడు, మధ్యలో సముద్రం.

‘కాపరి’ మాట మీద చిన్న అభ్యంతరం. మనకు కాపరి అనగానే వెనుక గొర్రెలో గొడ్లో నడుస్తాయి. ‘కావలి’ అని ఉంటే బాగుండేది, కానీ ప్రాస ఒప్పుకోదు. ‘ప’ ప్రాసలో వేరే మాట నాకూ దొరకలేదు. ఉండనివ్వండి.

తొలిపద్యం:
అందరికీ నమస్కారం. ఈ బృందంలో ఇదే నా మొదటి కందం. రేవుపట్నం గారు ఫెయిర్ ఐల్ అన్నాక దాని గురించి చదివాను. 1941 డిసెంబరులో జర్మన్ విమానాలు దక్షిణ స్తంభం మీద బాంబులు వేస్తే ఒక సహాయ కావలివాడి భార్య చనిపోయింది, పసిపాపకు చిన్న గాయాలయ్యాయి. ఆరు వారాలకు మళ్ళీ దాడి. ఈసారి ప్రధాన కావలివాడి భార్య, పదేళ్ళ కూతురు, ఫిరంగి దగ్గరున్న ఒక సైనికుడు చనిపోయారు. తప్పులుంటే మన్నించి చెప్పండి.

పాపల నిదురం జెఱచుచుఁ
బైపైఁ గురిసె గగనమ్ము నిప్పుల వానల్
కోపము నడఁచుకొని మఱల
దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్

నిర్వాహకుడు:
మొదటి కందానికి గణాలన్నీ కుదరడం చిన్న విషయం కాదు. ఆరో గణం ‘గనమ్ము’ జగణం, సరిగ్గా పడింది. తప్పు ఒక్కటే: రెండో పాదంలో యతి. ‘బై’కి నాలుగో గణం మొదటి అక్షరం ‘ని’ చెల్లదు. అక్కడ ప, ఫ, బ, భ, వలలో ఒకటి, అ, ఆ, ఐ, ఔలలో ఒకదానితో రావాలి. ‘నిప్పుల వానల్’ తీసేసి ‘బాంబుల వానల్’ అనండి. బై–బాం సరిపోతుంది. పైగా నిప్పుల వాన ఏ యుద్ధంలోనైనా కురుస్తుంది, బాంబుల వాన ఆ దీవి మీద నిజంగా కురిసింది.

రేవుపట్నం:
తొలిపద్యం గారూ, మీ మొదటి పాదం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మాది విశాఖ. 1942 ఏప్రిల్ 6న మా ఊరి మీదా కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. ఫెయిర్ ఐల్‌లో రెండో దాడి జరిగి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. కిటికీలకు నల్లకాగితాలు అంటించి, బుడ్డి దీపం మీద బుట్ట బోర్లించి పిల్లల్ని పడుకోబెట్టిన రాత్రుల గురించి మా అమ్మమ్మ చెప్పేది. వెలుతురును దాచుకోవడం ఇంటిల్లిపాదికీ పనైన కాలం అది. నా పద్యంలో యుద్ధం లేదని నిర్వాహకులు అన్నప్పుడు కొంచెం నొచ్చుకున్నాను. ఇప్పుడు నొప్పి లేదు.

పాతపలక:
నేను తీర్పులు చెబుతూ కూర్చుంటే న్యాయం కాదు కనుక నాది కూడా. ఇందులో ఒక విరామచిహ్నం ముఖ్యం.

ఓపిక మీఱఁగ మంచున
దాపున లేని దరి కేఁగి తన వంతుగఁ దా
పైపైఁ బడి పగవారలు
దీపం బార్పిన, నరుండు దిక్కుం జూపెన్

ఆ రెండో దాడి జరిగిన రాత్రి ఉత్తర స్తంభంలో సహాయ కావలివాడుగా ఉన్న రోడరిక్ మెకాలే గాలివానలో, పేరుకున్న మంచులో దీవి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. సుమారు మూడు మైళ్ళు. దక్షిణ దీపాన్ని తిరిగి పనిచేయించడానికి చేయి కలిపాడు. మళ్ళీ చీకట్లో వెనక్కి నడిచి తన వంతు కాపలాకు వేళకు అందుకున్నాడు. బ్రిటిష్ ఎంపైర్ పతకం ఇచ్చారు. మెకాలే అన్న పేరు మన చదువుల చరిత్రలో వేరే మనిషిది. నాకిప్పుడు ఆ పేరు వింటే ఈయన ముందు గుర్తొస్తున్నాడు.

చుక్కాని:
కామా చూసి ఒక్క క్షణం తికమకపడ్డాను, తరువాత లేచి నిలబడ్డాను. మీరు ‘ఆర్పిన’ను విశేషణం చేయలేదు, ‘ఆర్పినన్’ అనే చేదర్థకం చేశారు. శత్రువు దీపం ఆర్పితే, మనిషి దారి చూపాడు! ‘నరుండు’లోని నకారం స్థిరం కాబట్టి ముందున్న ద్రుతం, అంటే ‘ఆర్పినన్’ చివరి నకారం, లోపించవచ్చు. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా ఆర్పినవాణ్ణీ చూపినవాణ్ణీ ఇద్దరిని చేశారు. ‘వంతు’ మాట కూడా ఊరికే పడలేదు: తన వాటా, తన కాపలా వేళ, రెండూ.

గోదారిగట్టు:
నాకొక సందేహం. ‘దాపున లేని దరి’ అంటే మూడు మైళ్ళకు కాస్త ఎక్కువ కాదా?

పాతపలక:
మామూలు రోజున ఎక్కువే. ఆ మంచులో, ఆ గాలిలో ఎక్కువ కాదనుకుంటాను.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం పాతపలక గారి పద్యానికి, అందులో వాదం లేదు. చుక్కాని గారి పూరణను దాని పక్కనే పెడుతున్నాను. ఒకటి మనిషి నడిచి చేరిన కథ, ఇంకొకటి పడవ చేరలేకపోయిన కథ. ఫెయిర్ ఐల్ దక్షిణ స్తంభంలో కావలివాళ్ళు 1998 మార్చి 31 వరకు ఉన్నారు. స్కాట్లండులో యంత్రాలకు అప్పగించిన చివరి దీపస్తంభం అదే.

తొలిపద్యం గారూ, మీ పద్యంలో ఒక మాట గురించి అడగాలని ఉంది. మూడో పాదంలో కోపమే ఎందుకు అడచుకున్నాడు?

తొలిపద్యం:
అదే ఆలోచిస్తున్నాను. పాతపలక గారు మొదటి పద్యంలో ‘కోపముతో’ గురించి అన్నది ఇక్కడా వర్తిస్తుంది. ఇంట్లో ఇద్దరిని పోగొట్టుకున్నవాడి లోపల ఉన్నది కోపం ఒక్కటే అని నేను ఎలా చెప్పగలను? అదే మాత్రల్లో ఇంకో మాట దొరికింది. సవరించిన పద్యం:

పాపల నిదురం జెఱచుచుఁ
బైపైఁ గురిసె గగనమ్ము బాంబుల వానల్
తాపము నడఁచుకొని మఱల
దీపం బార్పిన నరుండు దిక్కుం జూపెన్