పాత లాప్‌టాప్ బాగా స్లో అయింది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

కేఆర్‌పురం కుర్రోడు
అందరికీ నమస్కారం. నాది 2017లో కొన్న లాప్‌టాప్. ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటోంది. నా ఉద్యోగానికి ఆఫీసు మెషీన్ ఉంది, ఇది ఇంట్లో వాడకానికి. నాన్న ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు, తెలుగులో రాసుకోవడానికి ఆయనకీ ఇదే. కొత్తది కొనాలా, దీన్నే బాగు చేయించాలా? ఎప్పుడూ ఛార్జర్ పెట్టే వాడొచ్చా? నాన్నకు తెలుగు టైపింగుకి ఏది సులువు? ఇంకొకటి, ఛార్జింగులో ఉన్నప్పుడు అంచు తాకితే సన్నగా జిల్లుమంటోంది. ప్రమాదమా?

సిల్క్‌బోర్డు సీతయ్య
కొనకండి. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్క్) వేయించండి, అంతే. హార్డ్ డిస్కులో ఒక్కో చిన్న ఫైలు కోసం చదివే హెడ్ అటూ ఇటూ కదలాలి. విండోస్ లేచేటప్పుడు అలాంటివి వేలకొద్దీ చదువుతుంది కాబట్టే 100 శాతం చూపిస్తోంది. ఎస్ఎస్‌డీల్లో సాటా, ఎన్వీఎంఈ అని రెండు రకాలున్నాయి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాటుతుంది. ఎన్వీఎంఈ అయితే ఇంకా చాలా ఎక్కువే గానీ, మీ వాడకానికి ఆ తేడా కంటికి కనిపించదు. మా ఆవిడ లాప్‌టాప్ పారేద్దామన్నారు ఇంట్లో అందరూ. నేనే విప్పి ఎస్ఎస్‌డీ బిగించాను. ఇప్పుడు పిల్లల స్కూలు పనంతా దాని మీదే నడుస్తోంది.

అనంత టు బెంగళూరు
సీతయ్యన్న చెప్పింది నిజం. కాకపోతే కొనేముందు స్లాటు చూసుకో సామీ. 2017 మోడళ్లలో కొన్నింటికి ఎం.2 స్లాటు (చిన్న పట్టీలాంటి ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు) ఉండదు, ఉన్నా కొన్ని సాటా మాత్రమే తీసుకుంటాయి, ఎన్వీఎంఈ పెడితే గుర్తించవు. షాపులో "అన్నీ ఒకటే సార్" అని చేతిలో పెట్టేస్తారు. ఏదీ తేలకపోతే 2.5 అంగుళాల సాటా తీసుకో, పాత డిస్క్ ఉన్న చోటే కూర్చుంటుంది. ర్యామ్ జోలికి ఇప్పుడు పోవద్దు, 2025 చివరి నుంచి ధరలు మండిపోతున్నాయి. నీకు 8 జీబీ చాలు.

హెచ్ఎస్ఆర్ లక్ష్మి
ఛార్జర్ సంగతి నేను చెబుతాను. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో నా లాప్‌టాప్ పగలూ రాత్రీ ఛార్జింగులోనే ఉండేది. ఒకరోజు టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదని చూస్తే బ్యాటరీ ఉబ్బి దాన్ని కింద నుంచి పైకి తోస్తోంది. సర్వీసు సెంటరులో "మీరు ఎక్కువ వాడారు" అన్నారు! అందుకే చెబుతున్నా, 100 కాగానే ఛార్జర్ తీసేయండి. నెలకోసారి పూర్తిగా సున్నాకి దింపి మళ్లీ నింపండి.

ఎస్పీరోడ్ మెకానిక్
మేడమ్, మొదటి సగం వినదగ్గదే, రెండో సగం తప్పు. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో బోర్డులు రిపేరు చేస్తూనే నా తల నెరిసింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. సున్నాకి దింపడం నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి సలహా. ఇప్పుడున్నవి లిథియం అయాన్. వీటిని సున్నాకి దింపితే మేలు లేదు, అరుగుదలే. వీటికి పడనివి రెండు: వేడి, ఎప్పుడూ నిండుగా ఉండటం. నిండినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, రోజుల తరబడి అక్కడే ఉంచితే లోపలి రసాయనం పాడవుతుంది. అందుకే కంపెనీలే 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఇస్తున్నాయి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అంటారు, అసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్. అది ఆన్ చేసి ఛార్జర్ పెట్టే ఉంచండి.

హెచ్ఎస్ఆర్ లక్ష్మి
మరి సున్నాకి దింపితే శాతం సరిగ్గా చూపిస్తుందని కంపెనీ మాన్యువల్లోనే ఉంది కదా? నాకు తెలియక చెప్పలేదు.

ఎస్పీరోడ్ మెకానిక్
అది మీటరు సరిచేయడం మేడమ్, బ్యాటరీ ఆరోగ్యం కాదు. 30 శాతం చూపిస్తూ ఠక్కున ఆగిపోతుంటే అప్పుడు ఒకసారి చేస్తారు. నెలనెలా చేసే నోము కాదు.

రిచీస్ట్రీట్ వాసు
మెకానిక్ గారూ, 80 శాతం దగ్గర ఆపితే కరెంటు పోయినప్పుడు ఆ 20 శాతం మీరిస్తారా? చెన్నైలో మా వీధిలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. నేను రోజూ 100 దాకా నింపి, ఛార్జర్ తీసి వాడతాను. నాలుగేళ్ల బ్యాటరీ ఇప్పటికీ బాగుంది. వేడి సంగతికొస్తే, మంచం మీద పరుపులో పెట్టి వాడేవాళ్లకు ముందు అది మాన్పించండి. గాలి ఆడే దారి మూసుకుపోయాక 80 ఏంటి, 60 పెట్టినా ఒకటే.

ఎస్పీరోడ్ మెకానిక్
మీ ఒక్క లాప్‌టాప్ బాగుందని ఊరందరికీ వైద్యం చెప్పకండి. ఉబ్బిన బ్యాటరీలు నా బల్ల మీదికి వారం వారం వస్తాయి. వాటిలో చాలావరకు ఆఫీసు బల్ల మీద ఎప్పుడూ ఛార్జర్‌కి తగిలించి నిండుగా ఉంచినవే.

రిచీస్ట్రీట్ వాసు
మీ బల్ల మీదికి చెడినవే వస్తాయి, బాగున్నవి ఎందుకొస్తాయి? దాన్నిబట్టి లెక్క కట్టడం ఏం న్యాయం? ఇక్కడ రిచీ స్ట్రీట్‌లోనూ పని తెలిసినవాళ్లున్నారు, ఎస్పీ రోడ్డు ఒక్కటే కాదు ప్రపంచం.

సిల్క్‌బోర్డు సీతయ్య
అయ్యా, ఊళ్ల గొడవ తర్వాత. వాదన ఎందుకు, లాప్‌టాప్‌నే అడగొచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండుతో బ్యాటరీ రిపోర్టు తీయండి. ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది కొన్నప్పటిది, రెండోది ఇప్పటిది. వాసు గారూ, మీ నాలుగేళ్ల బ్యాటరీ అంకెలు ఇక్కడ పెట్టండి చూద్దాం.

రిచీస్ట్రీట్ వాసు
పెడతాను. డిజైన్ 50,000 చిల్లర, ఇప్పుడు 41,000 చిల్లర. నాలుగేళ్లకి ఇది మంచి లెక్కే.

ఎస్పీరోడ్ మెకానిక్
మంచి లెక్కే, ఒప్పుకుంటా. రోజూ ఛార్జర్ తీసి వాడతారు కాబట్టి అది నిండుగా కూర్చునే సమయం తక్కువ. నేను చెప్పిందీ అదే.

మారతహళ్లి మింట్
ఇంతమంది మాట్లాడారు, విండోస్ 10 సంగతి ఒక్కరూ ఎత్తలేదు! 2025 అక్టోబరు 14తో దాని సపోర్టు ముగిసింది. ఏడో తరం ప్రాసెసర్లు, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 జాబితాలో లేవు. ఎస్ఎస్‌డీ వేసి వేగం తెచ్చుకున్నాక అందులో బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారా? విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి, డబ్బు పెట్టక్కర్లేదు. నా దగ్గర అంతకన్నా పాత మెషీన్ ఉంది, బ్రౌజరు, లిబ్రె ఆఫీసు, వీడియోలు అన్నీ హాయిగా నడుస్తున్నాయి.

అనంత టు బెంగళూరు
లినక్స్ వాళ్లు వచ్చేశారు. పెద్దాయనకి లినక్స్ ఎందుకప్పా, ప్రింటరు ఆడకపోతే కొడుక్కి ఆఫీసులో ఉండగానే ఫోన్లు మొదలవుతాయి. విండోస్ 10కి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. మెషీన్ సరిపోతుందా అనే తనిఖీని దాటించి విండోస్ 11 వేసే దొడ్డిదారులు కూడా ఉన్నాయి గానీ, అలా వేసిన మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

మారతహళ్లి మింట్
2026 అక్టోబరు తర్వాత? మళ్లీ ఇదే ప్రశ్నతో ఇంకో చర్చ మొదలుపెట్టాలి. మంచి మెషీన్లను అప్‌డేట్ పేరుతో చెత్తబుట్టలో వేయించడం నాకు మనసుకు పట్టదు. పనిచేసే వస్తువును పారేయకూడదని మన ఇళ్లలో నేర్పినదే కదా.

సిల్క్‌బోర్డు సీతయ్య
తెలుగు టైపింగ్ గురించి నాదొక మాట. పెద్దాయనకి ఫొనెటిక్ చాలు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఏమీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు కలపండి. ఆ తర్వాత విండోస్ కీతో స్పేస్ నొక్కితే మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే అమ్మ అని వస్తుంది.

హెచ్ఎస్ఆర్ లక్ష్మి
నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోమంటాను. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. మొదటి వారం చిరాకుగా ఉంటుంది, తర్వాత వేళ్లే వెతుక్కుంటాయి. ఇంకో లాభం, భారతీయ భాషలన్నింటికీ ఒకటే అమరిక. తెలుగులో క ఉన్న మీట మీదే కన్నడ క ఉంటుంది. మా అమ్మాయి స్కూల్లో కన్నడ రెండో భాష, దాని ప్రాజెక్టులన్నీ నేనే టైప్ చేసిపెట్టాను, కొత్తగా ఏమీ నేర్చుకోకుండా.

రిచీస్ట్రీట్ వాసు
తెలుగు అంటే గుర్తొచ్చింది, 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసింది, ఎంతమందికి గుర్తుంది? జ్ఞా లాంటి అక్షరమే, మధ్యలో కంటికి కనపడని నాన్-జాయినర్ గుర్తు ఒకటి. మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూతపడేది. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చాక సర్దుకుంది. మన లిపి మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంకా శ్రద్ధ పెట్టాలి అని నేను అప్పటి నుంచీ అంటున్నాను.

కేఆర్‌పురం కుర్రోడు
అందరికీ ధన్యవాదాలు. సీతయ్య గారు చెప్పిన రిపోర్టు తీశాను, నా బ్యాటరీ సగానికి పడిపోయింది, అది తర్వాత చూస్తాను. ఎస్ఎస్‌డీ ఖాయం. కానీ టైపింగ్ దగ్గర నేను ముందే చెప్పాల్సిన మాట ఉంది. నాన్న ప్రెస్సులో డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని) చేసేవారు. ఆయన చేతికి అలవాటైంది ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక. ఫొనెటిక్ చూపిస్తే "నాకు తెలుగు రాయడానికి ఇంగ్లీషు స్పెల్లింగు ఎందుకు?" అన్నారు. ఆయన పాత ఫైళ్లు కూడా ఉన్నాయి, తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి.

మారతహళ్లి మింట్
ఇప్పుడు నా వంతు! లినక్స్‌లో ఐబస్ అని భాషల టైపింగ్‌కి ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి)లతో పాటు ఆపిల్ అమరిక కూడా వస్తుంది. రాసేది నేరుగా యూనికోడ్‌లోనే, అంటే ఏ మెషీన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో. నాన్నగారు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు, కూర్చుని కొట్టడమే.

అనంత టు బెంగళూరు
విండోస్‌లో కూడా సొంత లేఅవుట్ చేసుకునే టూలు మైక్రోసాఫ్ట్‌దే ఉంది. కానీ ఒక్కో మీటా మనమే పేర్చాలి. ఈ ఒక్క విషయంలో మింట్ అన్న గెలిచాడు. ప్రింటరు ఆడుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి, ఆ మాట మీద నేను కదలను.

హెచ్ఎస్ఆర్ లక్ష్మి
పాత ఫైళ్ల సంగతి: యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టేవి. ఫాంటు లేకపోతే లోపలున్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. ఏ ఫాంటో నాన్నగారినే అడగండి, ఆయనకు తప్పక గుర్తుంటుంది. దాన్నిబట్టి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు వెతకాలి. మార్చాక వత్తులు, కొమ్ములు తారుమారవుతుంటాయి, ఒకసారి చదివి దిద్దాలి. ప్రెస్సులో పనిచేసిన మనిషికి ప్రూఫు దిద్దడం ఇష్టమైన పనే అవుతుంది. మార్చేముందు అసలు ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ తీయండి, వాటిని ముట్టుకోకండి.

ఎస్పీరోడ్ మెకానిక్
ఆ అబ్బాయి జిల్లుమంటోంది అన్నాడు, అందరూ వదిలేశారు. బాబూ, నీ ప్లగ్గు రెండు పిన్నులదా, మూడా? అడాప్టరు లోపల ఫిల్టరు కెపాసిటర్లుంటాయి, వాటి గుండా కొద్దిగా కరెంటు కారుతుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే నీ వేలికి తెలుస్తుంది. మంచి అడాప్టరైతే ప్రాణాపాయం ఉండదు. కానీ అద్దె ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ పెట్టి ఎర్త్ తీగ కలపకుండా వదిలేస్తారు, ఫ్రిజ్జు, గీజరు కూడా ఆ లైను మీదే ఉంటే అది అసలు ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చెక్ చేయించు. ఇంటాయన ఖర్చెందుకు అంటే ఒప్పుకోకు. నకిలీ అడాప్టరైతే మాత్రం ఈ రోజే మార్చెయ్.

కేఆర్‌పురం కుర్రోడు
మూడు పిన్నులే సార్. రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాను. మింట్ అన్నా, ఎస్ఎస్‌డీ వేయకముందే నాన్నతో ఒకసారి ఆ ఆపిల్ లేఅవుట్ ప్రయత్నించే దారి ఉందా? 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది.

మారతహళ్లి మింట్
ఉంది, అది చాలు. పెన్‌డ్రైవ్‌లో ముఖ్యమైనవి ఏమైనా ఉంటే ముందు తీసేయండి, అంతా చెరిగిపోతుంది. మింట్ సైటు నుంచి ఐఎస్ఓ (మొత్తం సిస్టమ్ ఉన్న ఫైలు) దింపి, ఎచర్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ మీద రాయండి. రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే డిస్కును ముట్టుకోకుండా మింట్ నడుస్తుంది. ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కకండి. వైఫై కలిపి ఐబస్, ఎం17ఎన్ వేసి, తెలుగు ఆపిల్ ఎంచుకుని నాన్నగారిని కూర్చోబెట్టండి. అదే పెన్‌డ్రైవ్‌తో ప్రింటరు కూడా కలిపి చూడండి, అనంత అన్న అనుమానం తీరిపోతుంది.