అప్‌డేట్: డయాలసిస్ భయం గురించి అడిగాను కదా

మాది ఉద్దానం. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు సూదులతో పడుకోవాలంటే గుండె జారిపోతోంది, ఏం చెయ్యాలి అని అడిగాను. భయం పూర్తిగా పోలేదు.

పక్క మంచం ఆయన భార్య పలాసలో జీడిపిక్కలు వలుస్తుంది. జీడి చమురుకి వేళ్లు నల్లగా కమిలిపోయి ఉంటాయి. నాతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. మొన్న ఆ వేళ్లతోనే పొట్లం విప్పి కుంకుమ ఇచ్చింది. "ఆదివారం అరసవల్లి ఎల్లాను బావూ, మా ఆయన పేరుతో పాటు నీ పేరూ సెప్పీసినాను" అంది. నర్సు పిలుస్తుంటే విందట నా పేరు!

నాకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు. అయినా ఆ రోజు సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకోలేదు.

ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసే ఆపరేషన్) చేసిన చేతికి బంతి నొక్కే వ్యాయామం చెప్పినవాళ్లకి థాంక్స్. డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాను.