ఎన్‌బీఏ డ్రాఫ్ట్ లాటరీ: ఫిక్సింగా, నిజంగా అదృష్టమేనా?

ఇర్వింగ్_కుర్రాడు:
తెలియనివాళ్లకి ఒక్క మాట: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. ఆ వంతుని పిక్ అంటారు, మొదటి పిక్ ఎవరికన్నది లాటరీలో తేలుతుంది, ఎక్కువ ఓడిన జట్టుకి ఎక్కువ ఛాన్స్. నేను ఉండేది డాలస్ పక్కనే, మా జట్టు మావ్స్ (డాలస్ మావరిక్స్) అంటే ప్రాణం, అయినా లాటరీ నిజాయితీగా జరిగిందంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు. 2025 ఫిబ్రవరిలో మా స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కి ఇచ్చేశారు, జనరల్ మేనేజర్‌ని పీకెయ్యమని అరీనాలోనే జనం అరిచారు. మూడు నెలలు తిరిగేసరికి, మే 12న, 1.8 శాతం ఛాన్స్ ఉన్న మావ్స్‌కే మొదటి పిక్, అంటే అందరూ కోరుకున్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్! 17 మ్యాచ్‌లే గెలిచి అట్టడుగున ఉన్న యూటా జట్టుకేమో ఐదో పిక్. 2003లో లెబ్రాన్ జేమ్స్ సొంతూరు పక్కనున్న క్లీవ్‌లాండ్‌కే వెళ్లాడు. 2008లో చికాగో కుర్రాడు డెరిక్ రోజ్‌ని 1.7 శాతం ఛాన్స్‌తో చికాగోయే పట్టుకుపోయింది. ఇక 1985 సంగతి సరే సరి, ఏడు జట్ల కవర్లు డ్రమ్ములో వేస్తుంటే ఒకటి అంచుకి తగిలింది, కమిషనర్ డేవిడ్ స్టెర్న్ చెయ్యి పెడితే న్యూయార్క్ నిక్స్‌కి ఆ ఏడాది మేటి కుర్రాడు పాట్రిక్ యూయింగ్ దక్కాడు. ఇన్నిసార్లు కాకతాళీయమేనా?

బంతుల_లెక్క:
బ్రదర్, నువ్వు చెప్పినవన్నీ జరిగినవే. నీ కథకి సరిపోని ఏడాదులు మాత్రం వదిలేశావు. 2019లో ఆ ఏడాది మేటి కుర్రాడు జయాన్ విలియమ్సన్ కోసం న్యూయార్క్ మొత్తం కాచుకుని కూర్చుంది, నిక్స్‌దే అట్టడుగు స్థానం, వచ్చింది మూడో పిక్. జయాన్ 6 శాతం ఛాన్స్ ఉన్న న్యూ ఆర్లియన్స్‌కి పోయాడు. 1985 తర్వాత నిక్స్‌కి మళ్లీ మొదటి పిక్ రానే లేదు. 2011, 2013, 2014ల్లో మూడుసార్లు మొదటి పిక్ క్లీవ్‌లాండ్‌కే ఇచ్చి లీగ్ ఏం బావుకుంది?

అసలు డ్రా ఎలా తీస్తారో చూడు. మెషీన్‌లో 14 పింగ్‌పాంగ్ బంతులు, బయటికొచ్చేవి నాలుగు, ఏది ముందొచ్చిందన్నది లెక్కలోకి రాదు, అలా 1,001 రకాలుగా రావచ్చు. ఒకదాన్ని పక్కన పెట్టి మిగతా 1,000 కలయికల్ని జట్లకి పంచుతారు, వచ్చిన కలయిక ఎవరిదైతే పిక్ వాళ్లది. 2025లో అట్టడుగు మూడు జట్లకి 140 చొప్పున. మావ్స్‌కి 18, వాళ్లతో సమానంగా గెలిచిన చికాగోకి 17. గదిలో జట్ల ప్రతినిధులు, ఆడిటింగ్ సంస్థ మనిషి, విలేకరులు ఉంటారు, ఫోన్లు ముందే తీసేసుకుంటారు. నష్టపోయిన జట్టు మనిషి కూడా అక్కడే ఉండి ఇన్నేళ్లుగా నోరు మెదపట్లేదంటే నమ్మేదెలా?

ఇంకోటి. 2019కి ముందు అట్టడుగు జట్టుకి 25 శాతం ఛాన్స్ ఉండేది, దానికోసం కావాలని ఓడిపోతున్నారని దాన్ని 14కి దించారు. మూడు జట్లకీ కలిపి 42, అంటే 58 శాతం సార్లు మొదటి పిక్ వేరేవాళ్లకి పోవాల్సిందే. అలా పోయేలా పెట్టుకుని, పోయిన ప్రతిసారీ మోసం అంటే ఎలా?

చివరి_నిమిషం:
లెక్క కరెక్టే, నాకూ డ్రా మీద అనుమానం లేదు. నా కోపమంతా లీగ్ మీదే. బంతులు తీయడం తలుపులేసిన గదిలో ముందే అయిపోతుంది, టీవీలో మనకి చూపించేది కవర్లు చింపడం! బంతుల వీడియో తర్వాతెప్పుడో పెడతారు, అప్పటికే అందరూ ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు. మన దగ్గర మద్యం షాపులకి లాటరీ తీసినా దరఖాస్తు పెట్టినవాళ్ల కళ్ల ముందే కదా తీస్తారు. కోట్ల డాలర్ల లీగ్‌కి ఒక కెమెరా లైవ్‌లో పెట్టడం అంత కష్టమా?

ఇర్వింగ్_కుర్రాడు:
58 శాతం మాట ఆలోచించదగ్గదే అన్నా. లైవ్ పెట్టాలన్నదానికి నా ఓటు కూడా. కానీ 1985ని మాత్రం వదలను.

బంతుల_లెక్క:
వదలొద్దు. అప్పుడు మెషీన్ లేదు, 1,000 కలయికలు లేవు, కవర్లు తీసింది కమిషనరే, అడ్డుకట్ట అనదగ్గది పెద్దగా ఏమీ లేదు. అట్టడుగు స్థానం పంచుకున్న గోల్డెన్ స్టేట్ ఏడో పిక్‌కి జారింది. దాన్ని అనుమానించు, నేను కాదనను. ఆ కవర్లు చూపించి ఇవాళ్టి బంతుల్ని దొంగవంటే మాత్రం ఒప్పుకోను.