అనాహత చక్రం ఎరుపా, ఆకుపచ్చా?

సందేహి: ధ్యానం క్లాసులో ఏడు చక్రాలకు హరివిల్లు రంగులు వరసగా చెప్పారు, గుండె దగ్గరుండే అనాహతం ఆకుపచ్చ అన్నారు. తీరా షట్చక్ర నిరూపణం తెరిస్తే అనాహతం బంధూక పువ్వులా ఎర్రగా ఉంటుందని ఉంది. ఏది పట్టుకోవాలి? మీలో ఎవరికైనా ఇలాగే అయిందా?

పాతపుస్తకం: ఈ దారిలో చదివేవాళ్ళందరికీ ఎదురయ్యేదే. షట్చక్ర నిరూపణం 16వ శతాబ్దంలో పూర్ణానంద యతి రాసింది, అందులో మణిపూరం నీళ్ళు నిండిన మబ్బులా ఉంటుంది, ఆజ్ఞ చంద్రుడిలా తెల్లగా. జాన్ ఉడ్రఫ్ 1919లో దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాక పడమటి దేశాల్లో చక్రాల మీద ఆసక్తి బాగా పెరిగింది. 1927లో థియోసాఫికల్ సొసైటీకి చెందిన లెడ్‌బీటర్ తన దివ్యదృష్టికి కనిపించిందంటూ స్వాధిష్ఠానం స్థానంలో ప్లీహం దగ్గరి చక్రాన్ని పెట్టేశాడు! ఇప్పుడు అందరూ చెప్పే హరివిల్లు వరస స్థిరపడింది 1970ల్లోనే. అసలు చక్రాలు ఏడేనని కూడా లేదు, బౌద్ధుల హేవజ్ర తంత్రంలో నాలుగే.

నడిరేయి: జోస్యానికి వాడే టారో ముక్కలదీ అదే కథ. 15వ శతాబ్దపు ఇటలీలో అవి ఉత్త పేకముక్కలు. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచాయన ఇది ఈజిప్టు పూజారుల రహస్య జ్ఞానం అని ప్రకటించాడు, అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడే లేడు. తర్వాత ఎలిఫస్ లెవీ 22 ట్రంప్ ముక్కల్ని 22 హీబ్రూ అక్షరాలకు ముడిపెట్టాడు, అలా యూదుల మార్మిక విద్య కబ్బాలా కూడా వచ్చి చేరింది. నేను మాత్రం ఇప్పటికీ ముక్కలు వేస్తాను, 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలంటే అంత ఇష్టం.

సాధకుడు: తేదీలు తవ్వుకుంటూ కూర్చుంటే సాధన ఎప్పుడు చేస్తారండీ? నేను ఆకుపచ్చే ఊహించుకుంటాను, మనసు నిలుస్తోంది, నాకది చాలు.

పాతపుస్తకం: చేయొద్దని ఎవరన్నారండీ. ప్రాచీన ఈజిప్టు జ్ఞాని అని చెప్పే హెర్మీస్ పేరు మీదున్న మార్మిక గ్రంథాలు మోషే కాలానివి కావని, క్రీస్తు తర్వాత రాసినవని 1614లోనే కాసొబోన్ అనే పండితుడు వాటి గ్రీకు భాషను బట్టి తేల్చాడు, అయినా హెర్మెటిక్ సాధన ఆగిందా? నా గొడవల్లా అతుకుల గురించే. ఆ పాత పద్ధతిలో రంగుతో పాటు పన్నెండు దళాలు, వాటి మీద అక్షరాలు, ‘యం’ అనే బీజమంత్రం, దేవత అన్నీ కలిసి ఒక కట్టు. బీజం అక్కడిదీ రంగు ఇక్కడిదీ తెచ్చి కలిపేసి, పైగా వేల ఏళ్ళనాటిదని చెప్తేనే చిరాకు. సందేహి గారూ, మీకు నేర్పేవాళ్ళు ఏ పరంపరో అడిగి, అది పూర్తిగా వాళ్ళు చెప్పినట్టే చేయండి.

సందేహి: అడుగుతాను. మరి కబ్బాలాలో దైవశక్తి రూపాలుగా చెప్పే సెఫిరోత్‌ని చక్రాలతో జతచేసిన పటాలు కనిపిస్తాయి కదా, అవి నమ్మొచ్చా?

నడిరేయి: సెఫిరోత్ పది, మీ చక్రాలు ఏడు. మిగిలిన మూడింటినీ ఎక్కడ సర్దారో ఆ పటం గీసినవాళ్ళనే అడగండి 😀