హెచ్‌పీవీ టీకా: వైద్యులు తామే చెప్పాలా, మనం అడిగేవరకు ఆగాలా?

బ్రాడీపేట తల్లి, గుంటూరు:
మా అమ్మాయికి 12 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి నేనే అడిగితే, మా పిల్లల వైద్యుడు "పెళ్లీడు వచ్చాక చూద్దాం లెండి" అన్నారు. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ముఖ్యంగా లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది కనుక, అంతకు చాలా ముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించాలని చదివాను. వారు అలా అనడానికి కారణం తెలియకపోవడమా, మొహమాటమా?

సూర్యారావుపేట పిల్లల వైద్యుడు, విజయవాడ:
తెలియకపోవడం కొంత ఉందమ్మా, జంకు అంతకంటే ఎక్కువ. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకాను నమూనాగా వేసి చూసే కార్యక్రమం జరిగినప్పుడు, చాలామంది హాస్టల్ బాలికల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, అనుమానం మాత్రం మిగిలింది. పైగా ప్రైవేటులో వేల రూపాయల ఖర్చు; రోజుకూలీ కుటుంబంతో ఆ మాట ఎత్తడానికి నోరు రాదు.

మంగళగిరి స్టాఫ్ నర్సు:
డాక్టరుగారూ, ఖమ్మంలో జరిగిన తప్పు తల్లిదండ్రులకు చెప్పకపోవడమే కదా. దానికి మందు మరింత మౌనం ఎలా అవుతుంది? అప్పటి నిలిపివేత వల్లే మన దేశంలో జరుగుతున్న మరో పరిశోధన కూడా మధ్యలో ఆగి, వేలమంది బాలికలకు ఒక్క డోసే అందింది. వారిని పదేళ్లు గమనించి 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, హెచ్‌పీవీలోని 16, 18 నంబరు రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా దాదాపు 95 శాతం కాపాడింది. ఈ క్యాన్సర్‌లో సుమారు 70 శాతానికి మూలం ఆ రెండు రకాలే. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక్క డోసునూ అంగీకరించింది. ఇది తెలియని వైద్యుడు ఇంకా మూడు డోసులని చెబితే, ఆ ఖర్చుకు భయపడి కుటుంబం వెనక్కి పోతుంది. కూలీ ఇంటి ఆడపిల్లకు ఏది అందుబాటులో ఉందో మనం ముందే తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు.

సూర్యారావుపేట పిల్లల వైద్యుడు:
మన దేశంలో తయారైన హెచ్‌పీవీ టీకా సర్వావాక్‌కు 9 నుంచి 14 ఏళ్లవారికి ఆరు నెలల ఎడంతో రెండు డోసులని అనుమతి ఉంది. నేను దానికే కట్టుబడతాను. అయితే ఒక్క డోసు ఫలితాలను కూడా తల్లిదండ్రుల ముందుంచి, నిర్ణయం వారికి వదలాలన్న మాట ఒప్పుకుంటున్నాను.

మంగళగిరి స్టాఫ్ నర్సు:
దానితోపాటు, టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు కనుక 30 ఏళ్లు దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష మానకూడదని కూడా చెప్పండి. ఆ మాట ఎదురుగా కూర్చున్న తల్లికి ఆ రోజే అవసరం.